ఇల్లమ్మి అద్దెకు

జూన్ 4

అన్నయ్యకి,

నువ్వూ వదినా కులాసా అనుకుంటాను. ఫోన్లో చెబుదామంటే నీకు సగం వినపడదు, వినపడిన ఆ సగానికే పోట్లాటకి దిగుతావు. అందుకని ఉత్తరం. కుర్చీలో కూర్చుని చదువు. షాపులో అద్దం కోస్తూ చదివావంటే వేలు తెగుతుంది.

ఇల్లు అమ్మేస్తున్నాం.

మళ్ళీ చదవక్కర్లేదు, సరిగ్గానే చదివావు. మా వీధి చివర మందుల షాపాయన రెండుసార్లు వచ్చి చూసుకుని, నచ్చి, బయానా ఇచ్చి వెళ్ళాడు. వచ్చే నెల పదో తారీఖుకల్లా సామాను సర్దుకుని మేం వేరే ఊరు వెళ్తున్నాం. అక్కడి ఆస్పత్రిలో కాళ్ళు పోయినవాళ్ళకి కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపు కొత్తగా పెడుతున్నారు. దానికంతటికీ పెద్దగా నన్ను వేశారు. ఇరవై ఆరేళ్ళు ఇంకొకరి కింద ప్లాస్టర్ కలిపాను. ఇప్పుడు నా కింద ఆరుగురు కలుపుతారు. ఇలా పెద్దగా రమ్మని ఏదో ఒక ఊరి నుంచి నన్ను పిలవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఇంటి కోసం ఆ ఉద్యోగాన్ని వద్దన్నాను. ఈసారి ఉద్యోగం కోసం ఇంటిని వద్దన్నాను.

అక్కడ మేడ మీద రెండు గదులు చూసుకున్నాం. అద్దెకే. ఈ ఇల్లు అద్దెకిచ్చుకుని వెళ్ళొచ్చుగా అంటావు. దగ్గరుండి చేసిన చాకిరీ చాలు, దూరం నుంచి కూడా చెయ్యలేను. మీ బావ డిపోలో ఉద్యోగానికి నెలాఖరున నమస్కారం పెట్టేస్తున్నాడు. నాకంటే ఆయనకే తొందరగా ఉంది. పొద్దున్నే లేచి అట్టపెట్టెలకి తాళ్ళు కడుతున్నాడు.

వదినకి నువ్వే చెప్పు, కానీ కేకలు వెయ్యకుండా చెప్పు.

నీ గడుగ్గాయి


జూన్ 11

గడుగ్గాయికి,

నీ ఉత్తరం అందింది. కూర్చునే చదివాను. చదివాక లేవబుద్ధి కాలేదు. మీ వదిన ఏమైందని అడిగితే కాగితం చేతికిచ్చాను. తను చదివి, "నిజం రాసిందంటారా?" అంది. నా అనుమానమూ అదే.

నిజం చెప్పు. బావ ఏం చేశాడు? ఉద్యోగం మానేస్తున్నాడని రాశావు. మానేస్తున్నాడా, మానిపించారా? బస్సు నడిపే మనిషిని నాలుగేళ్ళ కిందట టికెట్ల లెక్కలకి కూర్చోబెట్టినప్పుడే నాకు మనసు కీడు శంకించింది. అప్పుడు అడిగితే నువ్వు మాట దాటేశావు. ఎక్కడైనా హామీ సంతకం పెట్టాడా? పేకాటా? ఏదైనా సరే, నీ పరువు నా పరువు కాదా?

మనం పెరిగిన ఇళ్ళు నీకు గుర్తులేవేమో. పదకొండు. బిందెలు లెక్కపెట్టి నీళ్ళిచ్చిన ఆవిడ ఇల్లు. గోడకి మేకు కొట్టానని నాన్న చేత నష్టం కట్టించుకున్న ఆయన ఇల్లు. నాన్న దగ్గు తమ పిల్లలకి అంటుకుంటుందని వారం గడువిచ్చి పంపించేసిన వాళ్ళ ఇల్లు. ప్రతిసారీ రేకుపెట్టె నా నెత్తి మీద, నువ్వు అమ్మ చంకలో. నీకు కిటికీలోంచి కనిపించిన పిల్లి గుర్తుంటుంది గానీ, ఖాళీ చెయ్యమన్నవాడి ముఖం గుర్తుండదు.

ఫోటోలకి చట్రాలు కట్టి ఊరందరి గోడలకీ పంపాను. నాకంటూ ఒక గోడ లేదు. ఇప్పుడున్నది కూడా ఇరవై ఏళ్ళుగా అద్దెకొంపే. ఉన్నదల్లా నీ ఇల్లు. షాపులో కౌంటరు వెనక దాని ఫోటో పెట్టుకున్నాను, వచ్చినవాళ్ళందరికీ "మా చెల్లెలి ఇల్లు" అని చూపిస్తాను. రేపెవరైనా అడిగితే ఏం చెప్పమంటావు? మా చెల్లెలు ఇల్లమ్ముకుని అద్దెకి పోయిందని చెప్పనా?

అద్దాలు కోసే కొత్త మిషను కోసం దాచుకున్న డబ్బుకి చెక్కు రాసి ఇందులో పెట్టాను. ఇబ్బంది ఎంతో రాస్తే మిగతాది చూస్తాను. మందుల షాపువాడి బయానా వాడి ముఖాన కొట్టెయ్యి.

అన్నయ్య


జూన్ 18

అన్నయ్యకి,

నీ చెక్కు తిప్పి పంపుతున్నాను. చింపేద్దామనుకున్నాను గానీ నీ సంతకం చూసి చెయ్యి రాలేదు.

మీ బావ పేక ముక్క ముట్టి ఎరగడు. నువ్వు రాసింది ఆయనకి చదివి వినిపించలేదు. వినిపిస్తే నవ్వేవాడు, అది నాకింకా కష్టంగా ఉండేది. బస్సు ఎందుకు మానేశాడో ఇప్పుడు రాస్తాను. డాబా మీద తూములో ఆకులు అడ్డుపడి నీళ్ళు నిలిచాయి. ఆదివారం పూట నిచ్చెన వేసుకుని ఎక్కాడు. నిచ్చెన జారింది. కుడిచేతి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆరు నెలల తర్వాత చెయ్యి తిరిగింది గానీ స్టీరింగు తిప్పేంతగా కాదు. ఇరవై రెండేళ్ళు ఎవరికీ గీత పడకుండా బస్సు నడిపిన మనిషి, తూములో ఆకుల కోసం బస్సు దిగాడు. నీకు డిపోలో మార్చారని చెప్పాం.

ఇల్లు ఎంతకి కొన్నారని అందరూ అడిగారు. కొన్నాక అది ఏం తింటుందని ఒక్కరూ అడగలేదు. నేను చెబుతున్నా విను. పదిహేడేళ్ళ ఆదివారాలు తింది. మోటారు కాలితే ఒక ఆదివారం, గుమ్మం చెద పడితే రెండు, మురుగు పైపు పగిలితే మూడు, ఇంటిపన్ను తప్పు వేశారని ఆఫీసు చుట్టూ తిరగడానికి నా సెలవులన్నీ. ప్రహరీగోడ ఎవరిదన్న దాని మీద పక్కింటి మాస్టారితో ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆయన చెట్టు కొమ్మ ఊగినా నాకు బీపీ పెరుగుతుంది. వర్క్‌షాపు పెద్దగా రమ్మని మొదటిసారి పిలిచినప్పుడు పైకప్పు విప్పి ఉంది. రెండోసారి పిలిచినప్పుడు పునాది పక్కన మట్టి కుంగింది. నా వెనక చేరిన అమ్మాయి ఇప్పుడు నాకంటే రెండు మెట్లు పైన ఉంది. ఇవేవీ ఇల్లు కొన్న కాగితాల్లో లేవు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ముందుగది పడమటి గోడ మొదటి ఏడాది నుంచీ చెమ్మే. ఎందరో మేస్త్రీలు వచ్చారు, ఎన్నో మందులు పూశారు, పోలేదు. నువ్వు వస్తున్నావని తెలిసిన ప్రతిసారీ రెండ్రోజుల ముందు నేనూ మీ బావా కూర్చుని ఆ గోడ పైపైన గీకి రంగు వేసేవాళ్ళం. నువ్వు గుమ్మంలో అడుగుపెట్టి గోడ మీద చెయ్యి వేసి "ఎంత చల్లగా ఉందో!" అనేవాడివి. చల్లగా కాక ఏముంటుంది?

నీ కళ్ళలో ఆ వెలుగు చూడటానికే చేశాం. ఇక చెయ్యలేను. ఇల్లు నా కోసం ఉండాలి గానీ నేను ఇంటి కోసం ఉండటమేమిటి? నాకు యాభై ఏళ్ళు. చేతిలో పనితనం ఉంది. సిగ్గుపడుతూ కాదు, తలెత్తుకునే అద్దెకి వెళ్తున్నాను. అడిగినవాళ్ళకి అలాగే చెప్పు.

నీ చెల్లెలు


జూన్ 23

గడుగ్గాయికి,

బావ చెయ్యి సంగతి నాలుగేళ్ళు దాచారన్నమాట. నేను పరాయివాణ్ణి. సరే.

ఇంట్లో పని అందరికీ ఉంటుంది. పనివాణ్ణి పెట్టుకోవాలి గానీ ఇల్లే అమ్ముకుంటారా? కాలికి ముల్లు గుచ్చుకుందని కాలు తీయించుకున్నట్టుంది. నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది, కాలు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా?

మీరిద్దరూ విసిగిపోయి ఉన్నారు. విసుగులో నిర్ణయాలు తీసుకోకూడదు. కొన్నాళ్ళు ఓపిక పట్టు, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. నేను చెయ్యాల్సింది నేను చేశాను. నువ్వే ఒకరోజు మెచ్చుకుంటావు.

మీ వదినకి మోకాలి నొప్పి తగ్గింది. నూనె రాయడం వల్ల కాదట, నా మాటలు వినడం మానేసినందువల్లట.

అన్నయ్య


జూలై 1

పెద్దయ్యగారికి,

నువ్వు చెయ్యాల్సింది ఏమిటో నిన్న తెలిసింది. మందుల షాపాయన వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. కింద పేరు లేదు. "ఆ ఇంట్లో అన్నగారికి కూడా వాటా ఉంది, కొన్నవాళ్ళు కోర్టు మెట్లెక్కాల్సి ఉంటుంది" అని రాసుంది. 'ళ'కి అంత పొడుగు తోక పెట్టేవాడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే.

ఆయన మంచివాడు కాబట్టి గొడవ చెయ్యలేదు. "అమ్మా, మీ ఇంటి తగాదాలు తేలాక చెప్పండి" అని బయానా తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ పదిహేడేళ్ళలో ఒక్కరి ముందు కూడా తల దించలేదు నేను. నిన్న దించాను, నీ మూలంగా.

ఏడుస్తాననుకున్నావా? ఆగిపోతాననుకున్నావా? పదో తారీఖున బండి వస్తుంది, మేం ఎక్కుతాం. ఇంటి తాళాలు వీధి మొగలో టైలరు దగ్గర ఉంటాయి. వాటా ఉందన్నావుగా, వచ్చి ఏలుకో. కొనేవాళ్ళు దొరికేదాకా ఆ ఇల్లు నీది. మోటారు స్విచ్చి మెట్ల కింద ఉంది. తడి చేత్తో ముట్టుకోకు.

ఇంతకంటే రాస్తే తిట్లు వస్తాయి.

నీ చెల్లెలు


జూలై 16

గడుగ్గాయికి,

మీ ఇంటి నుంచే రాస్తున్నాను. అవును, ఆ ఉత్తరం నేనే రాశాను. నీ మంచికే రాశాను. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే మళ్ళీ రాస్తాను.

వచ్చి ఆరు రోజులైంది. షాపు మూసి వచ్చాను. మీ వదిన రానంది. "మీ అన్నాచెల్లెళ్ళ మధ్య నేనెందుకు నలగడం?" అంది. తాళం తీసి లోపలికి అడుగుపెట్టాక చాలాసేపు ఏ గదిలో కూర్చోవాలో తెలియలేదు. అన్నీ నావేనాయె! వచ్చిన మర్నాడే ముందుగదిలో మేకు కొట్టాను. ఏ ఫోటో పెడదామనీ కాదు, ఊరికే. నలుగురికీ వినపడేలా కొట్టాను. ఎవరూ రాలేదు అడగడానికి. ఆ సుఖం నీకు అర్థం కాదే.

పక్కింటి మాస్టారు ప్రహరీ మీద నుంచి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. నవ్వాను. మళ్ళీ ఏదో గట్టిగా అన్నాడు. మళ్ళీ నవ్వి తల ఊపాను. కాసేపు చూసి ఆయన కూడా నవ్వేశాడు. సాయంత్రం వాళ్ళావిడ చేత పేపరు పంపించాడు. ఆరేళ్ళ పోట్లాట అన్నావు, ఏదీ?

నాకైతే ఇక్కడ ఏ లోటూ కనిపించలేదు. గోడ కొంచెం చల్లగా ఉంది, అంతే.

అన్నయ్య


జూలై 24

అన్నయ్యకి,

నీకు రాయకూడదనుకున్నాను. కానీ ఇక్కడ జరిగింది చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు?

మొన్న నా చేతి కింద మొదటి కాలు తయారైంది. బస్సు కండక్టరు ఒకావిడ. మోకాలి కింది నుంచి కాలు పోయింది. అచ్చు తీసేటప్పుడు ఆవిడ ఒకటే మాట అంది, "మేడం, నాకు నడక వద్దు, నిలబడటం కావాలి. కదిలే బస్సులో నిలబడాలి." నాలుగుసార్లు అచ్చు మార్చాను. ఐదోసారి ఆవిడ నా బల్ల పక్కన, ఏ ఆసరా లేకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి "టికెట్, టికెట్!" అని అరిచింది. వర్క్‌షాపు అంతా పని ఆపి చప్పట్లు. ఇలాంటి రోజుని రెండుసార్లు కాలదన్నుకున్నాను అన్నయ్యా, ఇటుకల కోసం.

గదులు చిన్నవే. కుళాయి కారితే కింద ఇంటావిడకి చెప్పాను. గంటలో మనిషి వచ్చాడు. మీ బావ అలవాటు కొద్దీ పానా పట్టుకుని లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. ఆయన ఇక్కడ డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెబుతున్నాడు. స్టీరింగు నేర్చుకునేవాళ్ళ చేతిలో ఉంటుంది, నోరు ఆయనది.

అద్దె ఇల్లు స్వర్గమని రాయడం లేదు, అబద్ధం నాకు చేతకాదు. ముందువైపు కటకటాల మీద బట్టలు ఆరెయ్యకూడదట, ఇంటి అందం పోతుందట. రెండో రోజే ఇంటావిడ చెప్పింది. "అద్దె కాగితంలో ఆ మాట చూపించండి, మానేస్తాను" అన్నాను. చూపించలేకపోయింది. ఆరేశాను. నిన్న ఆవిడే పైకొచ్చి నా ఎర్రచీర రంగు బాగుందని మెచ్చుకుని వెళ్ళింది. పదకొండు ఇళ్ళలో మనవాళ్ళు ఒక్కసారైనా కాగితం చూపించమని అడిగి ఉంటే ఎలా ఉండేదో!

వానలు మొదలయ్యాయని పేపర్లో చూశాను. తూము ఆకులు నువ్వు ఎక్కి తియ్యకు. నిచ్చెన చోటు మార్చి దాచిపెట్టాం, వెతకకు.

నీ గడుగ్గాయి


ఆగస్టు 9

చెల్లాయికి,

నాలుగు రోజులు వదలకుండా వాన. మోటారు కాలింది. బాగుచేసేవాడు రేపు రేపు అని ఆరు రోజులు తిప్పాడు. పక్కింటి మాస్టారు పైపు వేసి నీళ్ళిచ్చాడు. ఇక్కడ చిక్కుకుపోయి షాపు నెల్లాళ్ళు మూతపడింది. ఏటా బహుమతుల చట్రాలు నా దగ్గరే కట్టించుకునే స్కూలువాళ్ళు వేరేవాడికిచ్చారట. మీ వదిన రాసింది.

అసలు సంగతి అది కాదు. మంగళవారం పొద్దున ముందుగదిలో పడమటి గోడ ఉబ్బింది. నేను కొట్టిన మేకు దానంతటదే ఊడి పడింది. గోరు పెట్టి గీకితే అరచేతంత పెచ్చు ఊడొచ్చింది. అంచు వెలుగులో పెట్టి చూశాను. చట్రాలకి రంగులు వేసేవాణ్ణి, పొరలు చూడటం నాకు అలవాటే. పైన లేత నీలం, దాని కింద మీగడ రంగు, దాని కింద పచ్చ, మళ్ళీ నీలం. లెక్కపెట్టాను. తొమ్మిది. ఈ ఇంటికి నేను ఇంతకుముందు తొమ్మిదిసార్లు వచ్చాను.

నేను వస్తున్నానని తెలిస్తే మీ ఇద్దరికీ ఇంత పని ఉండేదా? ఆ విరిగిన చేత్తో కూడా గీకాడా బావ? ఆయన మీద నేను రాసిన మాటలు తలుచుకుంటే అన్నం సహించలేదు. ఆయనకి నా తరఫున చెప్పు. ఏం చెప్పాలో నీకే తెలుసు.

మందుల షాపుకి వెళ్ళాను. "ఆ కాగితం రాసింది నేను, వాటా అంతా అబద్ధం, మా చెల్లెలి మాటే నిజం" అని నలుగురు వినేలా చెప్పాను. నాకు వినపడదు కదా, నా గొంతు పెద్దది. ఆయన అప్పటికే ఇంకో ఇల్లు కొనేశాడు. కానీ తలనొప్పి మాత్ర కోసం వచ్చి అక్కడే నిలబడ్డ తాపీ మేస్త్రి ఒకాయన ఇల్లు చూస్తానని నా వెంట వచ్చాడు, భార్యని కూడా పిలిపించుకున్నాడు. వాళ్ళకి ఇంట్లో లోపాలన్నీ నేనే చూపించాను. గోడ, తూము, గుమ్మంలో చెద, కుంగిన మట్టి, ఏదీ దాచలేదు. మేస్త్రి గోడ వాసన చూసి, "పునాదిలోనే ఉందండీ తప్పు. పైన మందులు పూస్తే పోతుందా? నాకు పదిహేను రోజుల పని" అన్నాడు. వాళ్ళావిడ అప్పుడే వంటింట్లో గిన్నెలు ఎక్కడ పెట్టాలో కొలుచుకుంటోంది.

నిన్ను అడగకుండా ధర కొంచెం తగ్గించాను. తిట్టు.

నువ్వు గెలిచావని మాత్రం రాయను. ఈ నెల్లాళ్ళు నేను ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా బతికాను. ఆ సుఖానికి ఖరీదు ఈ గోడ చాకిరీయే అయినా నేను సరే అనేవాణ్ణి, నలభై ఏళ్ళ వయసులో అయితే. అయితే ఆ ఖరీదు నేను కట్టలేదు, నువ్వూ బావా కట్టారు. నా సరదాకి మీరు కట్టడం ఇక చాలు.

అన్నయ్య


ఆగస్టు 18

అన్నయ్యకి,

నీ ఉత్తరం మీ బావకి మొత్తం చదివి వినిపించాను, పేకాట ఉత్తరంతో సహా. అనుకున్నట్టే నవ్వాడు. తర్వాత డాబా మీదకి వెళ్ళి కాసేపు ఒక్కడే నిలబడి వచ్చాడు. "మీ అన్నయ్యని రమ్మను. ఈసారి రంగు వెయ్యం" అన్నాడు.

ధర తగ్గించినందుకు తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. అడక్కుండా ఉత్తరం రాశావు, అడక్కుండా బేరం చెడగొట్టావు, అడక్కుండా బేరం కుదిర్చావు. నా జీవితం నీ షాపులో చట్రం అనుకున్నావా, నీ కొలతకి కోసెయ్యడానికి? ఇకమీదట నన్ను అడిగి చెయ్యి. వద్దన్నాక కూడా చేస్తావని తెలుసు, కనీసం అడుగు.

తిట్టడం అయిపోయింది. మేస్త్రి భార్య గిన్నెలు కొలుచుకున్నదన్న మాట మూడుసార్లు చదివాను. ఆ ఇంటికి కావలసింది పునాదిలో చెయ్యి పెట్టగల మనిషి. నాకు చేతనైంది కాళ్ళు. ఎవరి పని వాళ్ళకి దొరికింది.

ఉన్న నిజం ఒకటి చెప్పనా? సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు ఏడుస్తాను. ఏడ్చినా పెడతాను. నువ్వు పక్కన నిలబడు.

నీ గడుగ్గాయి


సెప్టెంబరు 15

గడుగ్గాయికి,

నువ్వు సంతకం పెట్టి బండెక్కిన మర్నాడే మా ఊరు చేరాను. షాపు తెరిచాను. కౌంటరు వెనకున్న ఫోటో చూసి ఒకాయన "అమ్మేశారటగా, పాపం" అన్నాడు. "పాపమెందుకండీ? మా చెల్లెలు ఇప్పుడు వర్క్‌షాపుకి పెద్ద. ఇల్లు చూసుకునే తీరిక లేదు" అన్నాను. ఆయన ఇంకేదో అన్నాడు గానీ వినపడలేదు. వినపడినా పట్టించుకునేవాణ్ణి కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నేను లేనప్పుడు వంటగది కప్పు కారి, మీ వదిన పొయ్యి పక్కన బకెట్టు పెట్టుకుని నెల్లాళ్ళు నెట్టుకొచ్చిందట. ఇదేం కొత్త కాదు, ప్రతి ఏడూ కారుతుంది. ప్రతి ఏడూ నేనే తారు కొనుక్కొచ్చి పూస్తాను. ఇంటాయన మూడో తారీఖున అద్దె డబ్బులకి వచ్చాడు. ఆయన గేటు తీస్తే నేను లేచి నిలబడటం ఇరవై ఏళ్ళ అలవాటు. ఆవేళ లేవలేదు. కుర్చీ చూపించి, "కూర్చోండి, మాట్లాడాలి" అన్నాను.

వంటగది చూపించాను. "ఎప్పుడూ మీరే చూసుకుంటారుగా" అన్నాడు.

"ఇన్నేళ్ళూ తెలియక చూసుకున్నాను. అద్దె నేను కడుతున్నాను, కప్పు మీది. కారకుండా చూడటం మీ పని" అన్నాను.

"నచ్చకపోతే ఖాళీ చెయ్యండి" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడల్లా నాన్న ఎలా అయిపోయేవాడో నీకు తెలియదు, నాకు తెలుసు. చేతులు రెండూ జేబులో పెట్టుకున్నాను. "చేస్తానండీ. వచ్చే వీధిలో మూడు టు-లెట్ బోర్డులున్నాయి, పొద్దున్నే చూసొచ్చాను. ఈ కారే వంటగదిలోకి ఎవరొస్తారో మీరు చూసుకోండి" అన్నాను. నిజానికి చూసి రాలేదు. మీ వదిన అప్పటిదాకా తలుపు వెనకే ఉంది. బయటికొచ్చి నా పక్కన నిలబడి, "మూడు కాదు, నాలుగు" అంది.

ఆయన అద్దె తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. మీ వదినా నేనూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నిజంగానే వెళ్ళమంటే ఎక్కడికి వెళ్ళాలో ఇద్దరికీ తెలియదు. అయినా మీ వదిన నవ్వు ఆపుకోలేకపోయింది, నేనూ ఆపుకోలేదు.

శనివారం ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. కప్పు మీద వాళ్ళ చప్పుడు నాక్కూడా వినపడింది. ఇంటాయన కింద నిలబడి, "కొత్త ఏడాది నుంచి అద్దె పెంచుతాను" అన్నాడు.

"ముందు వాన రానివ్వండి. కారకపోతే మాట్లాడదాం" అన్నాను.

అన్నయ్య